మాట్లాడింది రాసిపెట్టే ఏఐ పరికరం: సరిహద్దు జిల్లాల తెలుగువాళ్లు ఏది ఎంచుకోవాలి?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం వైపు తెలుగువాళ్లు ఈమధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. మెడలో వేసుకునే ఏఐ రికార్డరు కొనాలా, చొక్కాకు తగిలించుకునేది కొనాలా, లేక చేతిలో ఉన్న ఫోన్ చాలా? అడిగేవాళ్లలో విలేకరులున్నారు, అమ్మానాన్నల్ని విశాఖ ఆసుపత్రులకు తిప్పుతున్న పిల్లలున్నారు, ఒడియాలో పాఠాలు వినే విద్యార్థులున్నారు, భూమి తగాదాలతో తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్లున్నారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన ప్రాంతంలో పరికరం ఏదన్నది తర్వాతి సంగతి. మన మాటను రాతలోకి మార్చే మోడల్‌కు మనం వాడే భాషలన్నీ వచ్చా, అసలు ఆడియో మన చేతిలో మిగులుతుందా అన్నవి ముందు తేలాలి. ఇవి తేల్చుకోకుండా పదిహేను వేలు పోస్తే, ఇంగ్లీషు మీటింగుల కోసం తయారైన వస్తువును మన వరండాలో పెట్టుకుని బాధపడాల్సి వస్తుంది.

## అన్నిటికంటే ముందు భాష

మన మాట ఎలా సాగుతుందో మీకు తెలుసు. రాయగడలో డాక్టరు ఒడియాలో మొదలుపెడతాడు, మనం తెలుగులో జవాబు చెబుతాం, మందుల పేర్లు ఇంగ్లీషులో వస్తాయి. "అమ్మా, ఈ మాత్ర ఖాయిబా ఆగరు, ఇది ఖాయిబా పరే. రోజుకి రెండుసార్లు, మర్చిపోకండి." మొదటిది తినకముందు, రెండోది తిన్నాక. మన చెవికి ఇందులో కష్టమేమీ లేదు. కానీ యంత్రం ఇక్కడే తడబడుతుంది.

ఎందుకంటే, ఓపెన్‌ఏఐ 2022 సెప్టెంబరులో విడుదల చేసిన విస్పర్ అనే మోడల్‌నో, దాని తరహా మోడల్‌నో వెనక పెట్టుకుని నడిచే యాప్‌లు చాలా ఉన్నాయి. 6,80,000 గంటల ఆడియోతో దానికి శిక్షణ ఇచ్చారు. తొంభైకి పైగా భాషలు దాని జాబితాలో ఉన్నాయి. తెలుగు ఉంది, మరాఠీ ఉంది, బెంగాలీ, అస్సామీ, చివరికి సంస్కృతం కూడా ఉంది. ఒడియా లేదు. జాబితాలో లేని భాష వినబడినప్పుడు అది ఆగిపోయి "నాకు రాదు" అని చెప్పదు. తనకు తెలిసిన భాషల్లో దగ్గరగా తోచినదాన్ని పట్టుకుని రాసుకుంటూ పోతుంది. ఒడియా మాటకు బెంగాలీ లిపిలోనో హిందీలోనో వాక్యాలు వస్తే ఆశ్చర్యపడకండి.

ఇంకో చిక్కు కూడా ఉంది. భాష ఏదో మనం చెప్పకపోతే విస్పర్ మొదటి ముప్పై సెకన్లు విని అదే నిర్ణయించుకుంటుంది. ఫైలు మొదట్లో డాక్టరు ఒడియాలో పలకరించి, ఆ తర్వాత పావుగంట తెలుగు నడిచినా, ఆ మొదటి పలకరింపు ప్రభావం ఫైలంతా పడే అవకాశం ఉంది. అందుకే "112 భాషలు వస్తాయి" అని పెట్టె మీద రాసి ఉన్నంత మాత్రాన మనకు సరిపోదు. ఒకే ఫైలులో, ఒకే వాక్యంలో రెండు భాషలు కలిసినప్పుడు ఏం చేస్తుందో చూడాలి.

గూగుల్ 2024 అక్టోబరులో తన మాట్లాడే ఏఐ సహాయకుడు జెమినీ లైవ్‌ను తొమ్మిది భారతీయ భాషల్లోకి తెచ్చినప్పుడు తెలుగు, మరాఠీ, ఉర్దూ ఉన్నాయి కానీ ఒడియా ఆ తొమ్మిదిలో లేదు. ఇంతమంది మాట్లాడే భాషను ప్రతిసారీ రెండో విడతకు నెట్టడం నాకు బాధగా ఉంటుంది. దాని భారం ఒడియావాళ్ల మీదే కాదు, వాళ్ల మధ్య బతుకుతున్న మన మీద కూడా పడుతుంది.

మన దేశంలో తయారైన మోడళ్లు ఈ విషయంలో చాలా నయం. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ బృందం రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషలకూ మాటను రాతగా మార్చే మోడల్ తయారుచేసి ఉచితంగా దింపుకోవడానికి ఇచ్చింది. బెంగళూరుకు చెందిన సర్వం సంస్థ సేవలో తెలుగు, ఒడియా, మరాఠీ మూడూ ఉన్నాయి, భాషలు కలిసిన మాటను దృష్టిలో పెట్టుకునే దాన్ని తయారుచేశారు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన భాషిణి లక్ష్యం కూడా ఈ 22 భాషలే. ఇవేవీ మెడలో వేసుకునే పరికరంగా రావు. ఆడియో ఫైలు మన దగ్గర ఉంటేనే వీటిని వాడుకోగలం. ఫైలు చేతికివ్వని పరికరం కొంటే ఈ దారి మూసుకుపోయినట్టే.

కువి, కుయి, సవర అనే గిరిజన భాషల సంగతి వేరు. ఇవి ఎనిమిదో షెడ్యూలులో లేవు. మార్కెట్లో ఉన్న ఏ ధరించే పరికరమూ వీటిని నమ్మదగినట్టు రాయదు. 2013లో నియమగిరి కొండల మీద సుప్రీంకోర్టు ఆదేశంతో పన్నెండు ఊళ్లలో పల్లీ సభలు (ఊరందరి సభలు) జరిగాయి. బాక్సైట్ తవ్వకం వద్దని ఆ పన్నెండు ఊళ్లూ చెప్పాయి. అలాంటి సభలో ఎవరు ఏ మాట అన్నారన్నది ఎంత విలువైనదో వేరే చెప్పక్కర్లేదు. అక్కడ మంచి ఆడియో తీసుకుని, ఆ భాష వచ్చిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని రాయించడమే సరైన పద్ధతి. ఆ మనిషికి కూలి కట్టి ఇవ్వండి. చందా డబ్బు కంటే అది మంచి ఖర్చు.

తెలుగు విషయానికొస్తే, టీవీ వార్తల తెలుగును యంత్రాలు బాగానే పట్టుకుంటున్నాయి. "ఏటి సేస్తన్నావు బావా", "నాను రానని సెప్పినాను" లాంటి మన వైపు మాట దగ్గర తప్పులు పెరుగుతాయి. ఊరి పేర్లు, ఇంటిపేర్లు, సర్వే నంబర్ల దగ్గర ఇంకా ఎక్కువ.

## అసలు ఆడియో ఎవరి దగ్గర ఉంటుంది?

యంత్రం రాసింది సాక్ష్యం కాదు, సాయం మాత్రమే. విస్పర్ మీద 2024లో వెలువడిన ఒక అమెరికన్ పరిశోధనలో, పరీక్షించిన ఆడియో ముక్కల్లో దాదాపు ఒక శాతంలో ఎవరూ అనని వాక్యాలు పుట్టుకొచ్చాయని తేలింది. మనిషి మాట మధ్యలో ఎక్కువసేపు ఆగిన చోట ఇలా జరగడం ఎక్కువ. పెద్దవాళ్లు నిదానంగా, ఆగి ఆగి మాట్లాడతారు కదా, అక్కడ జాగ్రత్తగా ఉండాలి. రాతలో అనుమానం వస్తే వెనక్కి వెళ్లి వినడానికి గొంతు ఉండి తీరాలి.

కోర్టు పని ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి, అందులో ఫైలు హాష్ విలువ (ఫైలు ఏమాత్రం మారినా మారిపోయే గుర్తు సంఖ్య) కూడా చూపాలి. యాప్ రాసిచ్చిన సారాంశం అక్కడ నిలవదు. మార్చని, కత్తిరించని అసలు ఫైలు కావాలి.

కొన్ని పరికరాలు మాటను విని, రాసుకుని, ఆడియోను చెరిపేస్తాయి. బీ అనే మణికట్టు పట్టీ ఆ రకమే. గోప్యత కోసం అలా చేస్తున్నామని వాళ్లు చెబుతారు, అందులో నిజం ఉంది. ఇంగ్లీషు మాట్లాడేవాడికి ఆ లెక్క సరిపోవచ్చు. తప్పు రాసే అవకాశం ఎక్కువున్న మన భాషలకు ఆడియో పోవడమంటే తప్పును దిద్దుకునే ఒక్క దారీ పోవడమే.

## మిగతా కొలమానాలు

నొక్కితే రికార్డు చేసేదా, ఎప్పుడూ వింటూ ఉండేదా అన్నది పెద్ద తేడా. మన వీధుల్లో ఇళ్లు ఆనుకుని ఉంటాయి. ఎప్పుడూ వినే పరికరం వేసుకున్న మనిషి పక్కింటి పిన్ని కష్టాన్ని, టీ కొట్టు దగ్గర బావ చెప్పిన అప్పు సంగతిని వాళ్లకు తెలియకుండానే ఎక్కడో ఉన్న సర్వరుకు పంపిస్తున్నట్టు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టులో తేల్చింది. 2023 నాటి డేటా రక్షణ చట్టం సొంత, ఇంటి అవసరాలకు మినహాయింపు ఇస్తుంది. కానీ క్లినిక్, కోచింగ్ సెంటర్, స్వచ్ఛంద సంస్థ రికార్డు చేస్తే ఆ మినహాయింపు వర్తించదు. ఆ చట్టం నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. చట్టం మాట పక్కన పెట్టినా, "మావయ్యా, మర్చిపోకుండా ఉంటుందని రికార్డు పెడుతున్నాను, పర్లేదా?" అని అడగడానికి ఎంతసేపు పడుతుంది? వద్దంటే ఆపేయాలి.

సిగ్నల్ గురించి కొండవైపు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. పరికరం తనలోనే దాచుకుని తర్వాత ఫోన్‌కు పంపేదైతే ఇబ్బంది లేదు. ఫోన్‌తో, నెట్‌తో ఎప్పుడూ కలిసి ఉంటేనే పనిచేసేదైతే కొండ ఎక్కగానే ఆగిపోతుంది.

ఛార్జింగ్ చిన్న విషయంలా కనిపిస్తుంది, కాదు. టైప్-సీ కేబులు ప్రతి బడ్డీ కొట్లో దొరుకుతుంది. ట్రిపుల్ ఏ బ్యాటరీలూ దొరుకుతాయి. సొంత ఆకారంలో ఛార్జింగ్ స్టాండు ఉన్న పరికరం అయితే, ఆ స్టాండు పోయిన రోజు నుంచి పరికరమూ పోయినట్టే.

ఖర్చులో పరికరం ధర ఒక భాగం మాత్రమే. నెల చందా డాలర్లలో ఉంటే, దానికి విదేశీ చెల్లింపులు అనుమతించే కార్డు కావాలి. బయటి నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం అదనం. పాడైతే ఎక్కడికి పంపాలో కూడా ముందే చూసుకోండి.

చివరిగా కంపెనీ ఆయుష్షు. హ్యూమేన్ అనే సంస్థ 2024 ఏప్రిల్‌లో 699 డాలర్లకు ఛాతీ మీద పెట్టుకునే ఏఐ పిన్ అమ్మింది. 2025 ఫిబ్రవరిలో దాని ఆస్తుల్ని హెచ్‌పీ 11.6 కోట్ల డాలర్లకు కొన్నది, అదే నెల 28 తర్వాత ఆ పిన్‌లు పనిచేయడం మానేశాయి. 99 డాలర్ల పెండెంట్ అమ్మిన లిమిట్‌లెస్‌ను 2025 డిసెంబరులో మెటా కొన్నది, కొత్తవాళ్లకు అమ్మకం ఆగిపోయింది. బీని 2025 జులైలో అమెజాన్ కొంటున్నట్టు ప్రకటన వచ్చింది. సర్వరు ఆగినా ఆడియో మీ దగ్గర ఉండే పరికరానికీ, సర్వరుతో పాటే చచ్చిపోయే పరికరానికీ తేడా ఇక్కడ తెలుస్తుంది.

## ఇప్పుడు ఒక్కొక్కటి

ఫోన్ ఒక్కటే. ముందు దీన్ని పూర్తిగా వాడి చూడండి. చాలా ఫోన్లలో రికార్డరు యాప్ ఉంటుంది. బల్ల మీద, మాట్లాడే మనిషికి మూరెడు దూరంలో, మైకు రంధ్రం అటువైపు ఉండేలా పెడితే చాలా గదుల్లో సరిపోతుంది. కళ్ల ముందే అక్షరాలు కావాలంటే ఆండ్రాయిడ్‌లో గూగుల్ లైవ్ ట్రాన్స్‌క్రైబ్ ఉచితం. వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం 2019లో తెచ్చారు. తెలుగు వస్తుంది, మరాఠీ వస్తుంది. చెవులు సరిగ్గా వినబడని తాతయ్యకు ఎదుటివాళ్ల మాట తెర మీద చూపించడానికి దీనికంటే మంచిది నాకు తెలియదు. అయితే అది ఆడియోను దాచదు, రాతను కూడా దాచమంటేనే మూడు రోజులు ఉంచుతుంది. కాబట్టి జ్ఞాపకం కోసం కాదు, అప్పటికప్పుడు అర్థం కావడం కోసం. ఫోన్‌తో ఉన్న అసలు ఇబ్బంది మధ్యలో కాల్ రావడం. రికార్డు మొదలుపెట్టే ముందు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి.

ఫోన్, కాలర్ మైకు. నా లెక్కలో మన ప్రాంతంలో ఎక్కువమందికి సరిపోయేది ఇదే. యూట్యూబ్ వీడియోలు తీసేవాళ్లు వాడే బోయా బీవై-ఎం1 లాంటి తీగ మైకు వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది, తీగ ఆరు మీటర్లు. హెడ్‌ఫోన్ రంధ్రం లేని ఫోన్లకు టైప్-సీ తీగ ఉన్న మైకు తీసుకోవాలి. నోటికి జానెడు దూరంలో మైకు ఉంటే ఫ్యాను చప్పుడు, సంత గోల, వాన చప్పుడు వెనక్కి పోతాయి. రాతలో తప్పులు తగ్గాలంటే ఖరీదైన ఏఐ కంటే దగ్గరగా ఉన్న మైకు ఎక్కువ పనిచేస్తుంది. ధరించే పరికరం అంటే మెరిసే పెండెంటే కానక్కర్లేదు, చొక్కాకు పెట్టుకున్న మైకు కూడా ధరించినదే. పైగా ఎదుటివాళ్లకు కనిపిస్తుంది, రికార్డు అవుతోందని తెలుస్తుంది.

మామూలు డిజిటల్ రికార్డరు. సోనీ ఐసీడీ-పీఎక్స్470 రకం. ఏఐ లేదు, యాప్ లేదు, చందా లేదు. 4 జీబీ లోపలే ఉంది, మెమరీ కార్డు వేసుకోవచ్చు. రెండు ట్రిపుల్ ఏ బ్యాటరీలతో ఎంపీ3లో యాభై గంటలకు పైగా నడుస్తుంది. వెనకనున్న మీట జరిపితే యూఎస్‌బీ మొన బయటికొస్తుంది, నేరుగా కంప్యూటర్‌కు పెట్టొచ్చు. కొండ ఊళ్లలో నాలుగు రోజులు తిరిగేవాళ్లకు ఇంతకంటే నమ్మకమైనది లేదు. గంట మాట 128 కేబీపీఎస్ ఎంపీ3లో సుమారు 58 ఎంబీ అవుతుంది. రాయగడ చేరాక ఫైళ్లను సర్వం లాంటి సేవకు ఎక్కించుకోవచ్చు. అక్కడ లెక్క గంటకు ముప్పై రూపాయల దగ్గర మొదలవుతుంది, వాడినంతకే కడతాం. ఎక్కించడం, దింపుకోవడం కొంచెం కంప్యూటర్ తెలిసిన పని. ఇంట్లో కాలేజీ పిల్లలుంటే వాళ్లు చేసిపెడతారు.

ప్లాడ్ రకం. నొక్కితే రికార్డు చేసి, యాప్ ద్వారా రాసిచ్చే పరికరాల్లో బాగా తెలిసిన పేరు ఇది. ప్లాడ్ నోట్ అనేది ఫోన్ వెనక అతుక్కునే పలచటి కార్డు, ముప్పై గంటలు రికార్డు చేస్తుంది. నోట్‌పిన్‌ను 2024 ఆగస్టులో 169 డాలర్లకు ప్రకటించారు. మెడలో, మణికట్టుకు, చొక్కాకు ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఇరవై గంటలు రికార్డు చేస్తుంది, 64 జీబీ లోపలే ఉంటుంది కాబట్టి సిగ్నల్ లేని చోటా ఆగదు. ఆడియో ఫైలును బయటికి తీసుకోవచ్చు. ఈ ఒక్క కారణంతోనే ధరించే ఏఐ పరికరాల్లో నేను దీన్ని ముందు పెడతాను. నెలకు 300 నిమిషాల రాత ఉచితం, అంటే రోజుకు పది నిమిషాలు. అంతకు మించితే చందా. నోట్‌పిన్ ఛార్జింగ్ స్టాండు ప్రత్యేకమైనది, ప్రయాణంలో పోగొట్టుకోకండి. ఒక పొద్దంతా ఇంగ్లీషులోనో, శుభ్రమైన తెలుగులోనో మీటింగులుండే మనిషికి దీనివల్ల చాలా సమయం మిగులుతుంది. తెలుగు, ఒడియా కలిసిన మాటకైతే దీన్ని మంచి రికార్డరుగా వాడుకుని, రాతను వేరే చోట చేయించుకోవాల్సి రావచ్చు. అప్పుడు అయిదారు వేల సోనీకి, దీనికి మధ్య తేడా డబ్బుకు ఏం వస్తోందో ఆలోచించండి. తేలిక, అందం, జేబులో ఇమడడం వస్తాయి. కొందరికి అవి విలువైనవే.

ఎప్పుడూ వినేవి. బీ పట్టీ 49.99 డాలర్లు, పైన నెలకు 19 డాలర్ల చందా. ఓమీ 89 డాలర్ల పెండెంట్. దాని సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్సు కాబట్టి తెలిసినవాళ్లు తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు. సొంతంగా తెలుగు, ఒడియా మోడల్ తగిలించి చూడాలనుకునే ఇంజనీరింగ్ విద్యార్థికి ఓమీ మంచి పాఠశాల. మిగతా ఎవరికీ ఈ రకం నేను సలహా ఇవ్వను. కారణాలు పైన చెప్పాను: ఫోన్‌తో కలిసి ఉండాలి, చుట్టుపక్కలవాళ్ల అనుమతి లేకుండా వింటాయి, బీ అయితే ఆడియో మిగల్చదు. ఫ్రెండ్ అని 129 డాలర్ల పెండెంట్ ఒకటుంది. అది తోడుగా మాట్లాడటానికి చేసినది, మాటలు రాసిపెట్టడానికి కాదు. పేరు ఒకే జాబితాలో కనిపిస్తే పొరబడకండి.

| ఎంపిక | పెట్టుబడి | చందా | ఆడియో మీ చేతిలో | సిగ్నల్ లేని చోట | తెలుగు–ఒడియా కలిసిన మాట |
|---|---|---|---|---|---|
| ఫోన్ రికార్డరు | లేదు | లేదు | ఉంటుంది | రికార్డవుతుంది | ఫైలు వేరే సేవకు పంపాలి |
| లైవ్ ట్రాన్స్‌క్రైబ్ | లేదు | లేదు | ఉండదు | నమ్మలేం | పనికిరాదు |
| ఫోన్, కాలర్ మైకు | వెయ్యి దగ్గర | లేదు | ఉంటుంది | రికార్డవుతుంది | ఫైలు వేరే సేవకు. తప్పులు తక్కువ |
| డిజిటల్ రికార్డరు | అయిదారు వేలు | లేదు | ఉంటుంది | అన్నిటికంటే మేలు | ఫైలు వేరే సేవకు పంపాలి |
| ప్లాడ్ నోట్‌పిన్ | పద్నాలుగు, పదిహేను వేలు, సుంకం వేరు | 300 నిమిషాలు దాటితే | ఉంటుంది | రికార్డవుతుంది, రాత తర్వాత | పరీక్షించి చూడాలి |
| బీ | 49.99 డాలర్లు | నెలకు 19 డాలర్లు | ఉండదు | ఆగిపోతుంది | వద్దు |

## ఎవరికి ఏది

ఆసుపత్రులకు తిప్పేవాళ్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తప్పు జరిగితే ప్రాణం మీదికి వస్తుంది. రాయగడ, కోరాపుట్ నుంచి విశాఖ కేజీహెచ్‌కో, బరంపురం ఎంకేసీజీకో వెళ్లేవాళ్లు ఉన్న కాస్త సమయంలో పది సంగతులు వినాలి. అలసటలో సగం మర్చిపోతారు. ఫోన్ చాలు. గదిలోకి వెళ్లగానే డాక్టరుగారిని అడగండి: "సార్, ఇంట్లో అమ్మకి మళ్లీ చెప్పాలి, మీరు చెప్పేది రికార్డు చేసుకోవచ్చా?" ఒప్పుకుంటే చివర్లో మీరే మందుల వరస గట్టిగా చదివి, సరేనా అని అడగండి. ఆ చివరి నిమిషమే ఇంటికి చేరాక అన్నిటికంటే పనికొస్తుంది, యంత్రానికి కూడా ఒకే గొంతు, ఒకే భాష వినబడుతుంది. మందు మోతాదు మాత్రం యంత్రం రాసినదాన్ని బట్టి వేయకండి. చీటీ చూడండి, మందుల షాపులో అడగండి. "అయిదు" "యాభై" అయిపోవడానికి ఎంతోసేపు పట్టదు.

విలేకరులకు డిజిటల్ రికార్డరు, దానితో పాటు ఫోన్. పల్లీ సభలో, ధర్నాలో రెండు చోట్లా రికార్డు ఉంటే ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది. జిల్లా అధికారుల మాటలు ఒడియాలో, బాధితుల మాటలు తెలుగులో ఉంటే రెండు వేర్వేరు ఫైళ్లుగా తీయండి. మనిషి మారినప్పుడు, భాష మారినప్పుడు ఆపి కొత్తది మొదలుపెట్టే అలవాటు చేసుకుంటే, విస్పర్ మొదటి ముప్పై సెకన్ల చిక్కు సగం తీరిపోతుంది. నెలలో ఎక్కువ భాగం భువనేశ్వర్, విశాఖల్లో ప్రెస్ మీట్లకు తిరిగేవాళ్లకైతే ప్లాడ్ ఖర్చు గిట్టుబాటు కావచ్చు.

భూమి, పట్టా వ్యవహారాల్లో ఉన్నవాళ్లు రాతకంటే ముందు ఫైలు సంగతి చూసుకోండి. ఆర్‌ఐ ఆఫీసులోనో, అన్నదమ్ముల పంచాయితీలోనో మాట్లాడింది తర్వాత అవసరపడుతుందనుకుంటే, రికార్డు చేసిన పరికరాన్నే భద్రంగా దాచండి, ఫైలు పేరు కూడా మార్చకుండా ఒక కాపీ తీయండి, వాట్సాప్‌లో పంపుకోకండి, అది ఆడియోను కుదించి పంపవచ్చు. ఆ తర్వాత వకీలుకు చూపించండి. ఇక్కడ ఏఐ పరికరానికి పనే లేదు.

ఒడియాలో పాఠాలు వినే తెలుగు పిల్లల మీద మాత్రం నాకు ప్రత్యేకమైన శ్రద్ధ ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పోటీ పరీక్షల్లో ఇంగ్లీషు. పాఠం రికార్డు చేసి, ఒడియా వచ్చిన మోడల్‌తో రాయించి, దాన్ని తెలుగులో చదువుకుంటే వాళ్లకు ఎంత తేలిక! మాస్టారి అనుమతి తీసుకోవాలి, ముందు బెంచీలో కూర్చోవాలి. పరికరానికి డబ్బు పెట్టొద్దు, ఉన్న ఫోన్ చాలు.

మహారాష్ట్ర వైపు సిరొంచ, దెగ్లూరు, ధర్మాబాద్, బల్లార్షా తెలుగువాళ్లకు భాష సమస్య కొంత తక్కువ. తెలుగు, మరాఠీ, హిందీ మూడూ అన్ని పెద్ద మోడళ్లలో ఉన్నాయి, కాబట్టి ప్లాడ్ లాంటిది వాళ్లకు మనకంటే బాగా పనిచేస్తుంది. ఒకే వాక్యంలో తెలుగు, మరాఠీ కలిసే చోట తడబాటు వాళ్లకూ తప్పదు. గోండి, మాడియా మాట్లాడే ఊళ్లకు వెళ్లేవాళ్లకు నేను కువి గురించి చెప్పిందే వర్తిస్తుంది.

అమ్మమ్మల, తాతయ్యల కబుర్లు, పెళ్లి పాటలు, వలస వచ్చిన కథలు దాచుకోవాలనుకునేవాళ్లు కాలర్ మైకు తీసుకోండి. ఎంపీ3 కాకుండా, ఆడియోను కుదించని వేవ్ ఫార్మాట్‌లో తీయండి. సీడీ నాణ్యతతో గంటకు 635 ఎంబీ అవుతుంది, పెద్ద భారం కాదు. రాత గురించి తొందర వద్దు. ఈ మోడళ్లు ఏడాదికేడాది మెరుగవుతున్నాయి, ఈరోజు తప్పు రాసినదాన్ని ఇంకో మూడేళ్లకు మళ్లీ రాయించవచ్చు. గొంతు మాత్రం ఇప్పుడే తీసుకోవాలి.

## కొనేముందు ఇంట్లో చేసే పరీక్ష

ఫోన్లో పది నిమిషాల మాట రికార్డు చేయండి. ఇద్దరు మాట్లాడాలి, ఒకరు తెలుగు, ఒకరు ఒడియా, మధ్యలో ఫ్యాను తిరుగుతుండాలి. అందులో కావాలని నాలుగు రకాల మాటలు పెట్టండి: ఊరి పేర్లు, మనుషుల పేర్లు, అంకెలు, "ముందు–తర్వాత", "వేయాలి–వేయకూడదు" లాంటి వ్యతిరేకాలు. ఆ ఫైలును మీరు కొనాలనుకున్న సేవ ఉచిత ఖాతాలో ఎక్కించండి. సర్వం అయినా, ఇంకేదైనా. వచ్చిన రాతను ఆడియో వింటూ చదవండి. మామూలు మాటల్లో తప్పులుంటే పర్వాలేదు, ఊహించుకోగలం. అంకెలు తప్పితే, "కూడదు" ఎగిరిపోతే, ఎవరూ అనని వాక్యం కనిపిస్తే ఆ సేవకు చందా కట్టకండి.

తర్వాత అదే ఫైలును సారాంశం రాయమనండి. రాత సరిగ్గా ఉన్నా సారాంశం ధైర్యంగా తప్పు చెప్పవచ్చు, కాబట్టి దాన్ని విడిగా చూడాలి. పరికరం ఆన్‌లైన్‌లో కొంటే పెట్టె, బిల్లు దాచిపెట్టి, వాపసు గడువు ముగిసేలోపు మీ ఇంటి మాటతోనే ఇదే పరీక్ష పరికరం మీద మళ్లీ చేయండి.